విహారయాత్రయా? ధర్మయాత్రయా?

మహాపురుషుల స్మారకచిహ్నములను దర్శించుట పుణ్యమని మనవారి నమ్మకము. ఆ నమ్మకమును మేము కాదనము. కాని దర్శించినవాడు ఇంటికి మఱలివచ్చి చేసిన పనియే దర్శనమునకు ఫలమనియు, ఏ పనియు చేయనివాని దర్శనము దారిబత్తెమునకు చేటు మాత్రమేయనియు మా నిశ్చయము. అనంతపురపు మెట్టసీమ యంచున, గుత్తికి సుమారు 13 కిలోమీటర్ల దూరమున, పత్తికొండకు బోవు బాటలో నున్న యెఱ్ఱగుడి కొండను చూచివచ్చు వారిని గుఱించియు, చూడకయే అశోకచక్రవర్తికి జేజేలు పలుకు వారిని గుఱించియు ఈ మాట చెప్పవలసివచ్చినది.

ఆ కొండ మహోన్నతమైనది కాదు. ఎండకు కాగిన గుండ్లు, వానిచుట్టు వానకై యెదురుచూచు మెట్టచేలు. ఆ గుండ్లమీద క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో అశోకుడు తన ధర్మశాసనములను బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కించెను. పదునాలుగు పెద్ద శాసనములును, చిన్న శాసనములును ఒక్కచోటనే యుండుట అరుదు. ఆ యరుదైన భాగ్యము మన యెఱ్ఱగుడికి దక్కినది. సమీపముననే రాజులమందగిరిలో మఱియొక చిన్న శాసనము గలదు. మౌర్యులకాలమున దక్షిణమునకు రాజప్రతినిధియై యార్యపుత్రుడు కొలువుండిన సువర్ణగిరి, నేటి జొన్నగిరియే యని పలువురు పండితుల యభిప్రాయము. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి రహస్యమును భేదించెను. 1915లో రాయచూరు సీమలోని మస్కి శాసనమున, దేవతలకు ప్రియుడైన యా రాజు అశోకుడేయని స్పష్టముగా తెలియవచ్చెను. 1929లో అను ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు యెఱ్ఱగుడి వ్రాతలను లోకమునకు వెల్లడించెను. రెండువేల యేండ్లకు పైగా పసులకాపరులు ఆ గుండ్లనీడను కూర్చుండి, తమ తలలకడ చక్రవర్తి మాటలున్నవని యెఱుగక లేచిపోయిరి. ఎఱుగని కాపరులయందు దోషములేదు. ఎఱిగిన మనము చేయుచున్నదేమి? విచారింపవలసినది ఇదియే.

ఎఱ్ఱగుడి చిన్న శాసనమున నొక వింత గలదు. అందలి పంక్తులు కొన్ని యెడమనుండి కుడికి, కొన్ని కుడినుండి యెడమకు నడచుచున్నవి. పండితులకది చిక్కు. చాలు చివర మడకను త్రిప్పి మఱల వచ్చు రైతునకు అందు చిక్కేమియు లేదు. వాని జీవితమంతయు ఆ తీరుననే వ్రాయబడుచున్నది. చక్రవర్తిమాట ఈ నేలకు వచ్చినప్పుడు నాగటిచాలు నడకను నేర్చినట్లున్నది. ఆ శాసనమున ఆజ్ఞ ఎట్లు ప్రజలకు చేరవలయునో కూడ చెప్పబడినది. రాజుకుడను ఉద్యోగి జనపదమునకు భేరి మ్రోగించి చాటవలయును. తల్లిదండ్రులయెడ, గురువులయెడ వినయము, ప్రాణులయెడ దయ, సత్యభాషణము, ఇవి యందలి విషయములు. అనగా ఆ శాసనము కొండమీద దాచుకొనుటకు పుట్టినది కాదు. ఊరూరను దండోరాగా వినబడుటకు పుట్టినది.

ఇక యెనిమిదవ శాసనమును చూతము. పూర్వపు రాజులు విహారయాత్రలకు పోవుచుండిరనియు, వేట మొదలగు వినోదములే యా యాత్రల ప్రయోజనమనియు, తాను పట్టాభిషిక్తుడైన పది సంవత్సరములకు సంబోధికి వెళ్లినది మొదలు ధర్మయాత్ర మొదలిడితిననియు అశోకుడు తెలిపినాడు. ధర్మయాత్ర యన నేమి? దానికి లక్షణము కూడ రాజే నిర్ణయించెను. బ్రాహ్మణులను శ్రమణులను దర్శించి దానమొసగుట, వృద్ధులను చూచి ధనసహాయము చేయుట, జనపదములలోని ప్రజలను కలిసికొని వారితో ధర్మమును గూర్చి ముచ్చటించుట. ఈ జాబితాలో శిల్పదర్శనము లేదు, పూలమాల లేదు. మనుష్యదర్శనమే కలదు. తానే బుద్ధుడు జన్మించిన లుంబినికి పోయినప్పుడు అశోకుడు శిలాస్తంభము నెత్తించెను; నిజమే. అంతటితో నిలువక, ఆ యూరికి పన్ను తగ్గించి పంటలో ఎనిమిదవ పాలుగా నిర్ణయించితినని యా స్తంభముమీదనే వ్రాయించెను. పుణ్యస్థలమును చూడవచ్చిన రాజు, ఆ స్థలమున కాపురముండు రైతు బరువును దించి మఱలెను. స్మారకదర్శనమునకు ఇంతకుమించిన పాఠము చరిత్రలో వెదకిన దొరకునా?

ఇప్పుడు మన దర్శనవిధానమును ఆ కొలతతో కొలిచి చూడుడు. బండి దిగుదుము, గుండ్లముందు నిలిచి ఛాయాచిత్రము తీయించుకొందుము, మన జిల్లాకు చక్రవర్తి వచ్చెనని గర్వింతుము, పొద్దువాలకముందే పట్టణము చేరుదుము. ఆ కొండక్రింది యూరిలో త్రాగునీరు ఎంత లోతున నున్నదని అడిగినవారెందఱు? పసులతొట్టి యెండినదో నిండినదో తొంగిచూచినవారెందఱు? రాజు వేట మానెను. మనము వేటనే మఱియొక రూపమున సాగించుచున్నాము. అతడు వేటాడి మృగమును తెచ్చెడివాడు. మనము బొమ్మను తెచ్చుచున్నాము. తొలకరి చినుకు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రములు దొరకునను ఆశతో జనులు దూరదూరములనుండి వచ్చి, వంగి వంగి నేలను వెదకుదురు. బీదవాని యాశను మేము పరిహసింపము. వాని పొలము వానికి కూడు పెట్టియుండిన, వాడు ఱాళ్ల నేరవచ్చునా? కాని చదువుకొన్నవారిని అడుగుచున్నాము. ఎవరును పూడ్చిపెట్టని, ఎవరును దొంగిలింపజాలని వజ్రము ఆ ప్రక్కనే యెఱ్ఱగుడి గుండుమీద పట్టపగలు మెఱయుచుండగా, దానిని చేతికెత్తుకొన్నవాడొక్కడైనను కలడా?

ఆ వజ్రము రెండవ శాసనము. తన రాజ్యమందంతటను, అంతియకాక యెల్లలకావల నున్న చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్ర దేశములందును, తామ్రపర్ణియందును, యవనరాజు అంతియోకుని సీమయందును, మనుష్యులకొక చికిత్స, పశువులకొక చికిత్స యేర్పఱచితిననియు, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితిననియు, బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు అందు రాజు ప్రకటించెను. ఈ బావులు, ఈ చెట్లు మనుష్యులకును పశువులకును అనుభవింపదగినవి యగుగాక యని యతని సంకల్పము. ఢిల్లీకి తరలింపబడిన టోప్రా స్తంభముమీద మఱ్ఱిచెట్లను, మామిడితోపులను, బావులను, విశ్రాంతిగృహములను గుఱించి మఱల వ్రాయించెను. చిత్తగింపుడు: ఈ మాట గంగాతీరమున వ్రాయించినచో అది పుణ్యవచనము మాత్రమే. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టనేలపై వ్రాయించినప్పుడు అది ప్రాణవచనము. నైరృతి మేఘము పడమటి కనుమలకడనే బరువు దించుకొనును. ఈశాన్యమేఘము సముద్రతీరముననే సగము ఖర్చగును. రెంటికిని దూరమైన అనంతపురము ఆకాశమువైపు చూచుచుండును. 1876 మొదలు 1878 వఱకు ఈ సీమను దహించిన ధాత కఱవును ముసలివారి కథలవలన మన పూర్వులు తరతరములు వినిరి. అట్టి సీమలో బావిని గుఱించి చెక్కిన ఱాతికి మనము బావికంటె తక్కువ మర్యాద చేయవచ్చునా?

కొందఱందురు: అశోకుడు ఉత్తరదేశపు రాజు, బౌద్ధుడు, మన సీమకు అతడెవ్వరు? ఈ యాక్షేపమునకు రెండు సమాధానములు గలవు. మొదటిది, ఆ రాజు మనలను మఱువలేదు. పదమూడవ శాసనమున తన యేలుబడిలో ధర్మమును పాటించు ప్రజల వరుసలో ఆంధ్రుల పేరును చేర్చెను. చరిత్రలో ఆంధ్రశబ్దము శిలపై నిలిచిన తొలిచోట్లలో నది యొకటి. పండ్రెండవ శాసనమున, తన మతమును పొగడుకొనుటకై పరమతమును దూషించువాడు తన మతమునకే చేటు తెచ్చునని హెచ్చరించెను. అట్టివాని మాటను మతభేదమున త్రోసివేయువాడు, ఆ మాట తననుగూర్చియే వ్రాయబడినదని యెఱుగవలయును.

రెండవ సమాధానము మఱింత బలమైనది. బ్రాహ్మీలిపి మఱపునబడిన కాలమున, ఆ గుండ్లమీది వ్రాతను ఒక్కడైనను చదువజాలని శతాబ్దములలో, ఈ సీమవారు ఆ రెండవ శాసనమును తమంతట తామే ఆచరించిరి. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో అనంతపురపు చెఱువును, బుక్కరాయసముద్రమును నిర్మించెనని సంప్రదాయము. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో కడపసీమలో పోరుమామిళ్ల చెఱువు కట్టించి, దినమునకు వేయిమంది కూలీలును, నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసిరని ఱాతిమీద లెక్క వ్రాయించెను. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు లక్షణములను కూడ అందు చేర్చెను. చెఱువు కట్టినవానికి, దానిని బాగుచేయుచుండువానికి ఆయకట్టులో మాన్యమొసగు దశబంధమను నాచారము ఈ జిల్లాలలో వర్ధిల్లెను. ఊరిలో నీరుగంటి తూము తెఱచి, వంతుప్రకారము మడిమడికి నీరు పంచెడివాడు. బుక్కరాయసముద్రపు కట్ట తెగబోవుచుండగా ఊరికొఱకు ముసలమ్మ యను కోడలు ప్రాణమర్పించెనని జనశ్రుతి. ఆ కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా రచించిరి. ఆ కట్ట నేటికిని ముసలమ్మకట్టయే. కావున నీటిధర్మము పాటలీపుత్రమునుండి మనకు దిగుమతి యైనది కాదు. ఈ నేల దప్పికయే దానిని పుట్టించినది. చక్రవర్తి మన మనస్సులోని మాటను మనకంటె ముందు ఱాతికెక్కించెను; అంతే భేదము. అతడు మనకు పరాయివాడు కాడు. ఆ ధర్మమును విడిచిన మనమే మన తాతలకు పరాయివారము.

పరప్రభుత్వమువారు సైతము ఈ సీమలో స్మారకమన నేమో కొంత యెఱిగిరి. దత్తమండలములకు ప్రిన్సిపల్ కలెక్టరుగా నుండి, పిమ్మట మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచిచే మరణించెను. ఆయన జ్ఞాపకార్థము అక్కడ మెట్లబావి త్రవ్వించి, తోపు నాటించిరి. మద్రాసులో ఆయనకు గుఱ్ఱముపై నెక్కిన కంచువిగ్రహము నిలిపిరి. రెంటిలో నేది గొప్ప స్మారకము? విగ్రహమును చూచి కాకులు వ్రాలినవి. బావిని చూచి బాటసారులు నిలిచిరి. పరపాలనము మనకు చేసిన యపకారములు పెక్కు. భూమిశిస్తు భారమును ఈ జిల్లాల రైతు మఱువడు. ఐనను ఎఱ్ఱగుడికి పొరుగూరిలో, అశోకుని రెండవ శాసనము ఇంకను గుర్తింపబడని దినములలో, ఒక పరదేశీయుని పేర బావియు చెట్లును వెలసినవనగా, ఈ సీమలో చచ్చినవానిని బ్రదికించు మార్గమొక్కటే యని తేటపడుచున్నది.

విదేశముల వైపు దృష్టి సారింతము. సయాము దేశమున, అనగా నేటి థాయిలాండున, సుఖోదయ మను ప్రాచీన నగర మొకటి గలదు. అక్కడ మహాధాతువిహారపు శిథిలములకు చేరువనే రామ్‌ఖామ్‌హేంగ్ రాజునకు కంచువిగ్రహము నిలిపిరి. ఆ దేశీయులు వచ్చి పూలు, ధూపము సమర్పించి మ్రొక్కుదురు. తమ లిపికి ఆదిగురువు ఆయనయే యని వారి విశ్వాసము. ఆ రాజు పేర 1292వ సంవత్సరపుదిగా నెన్నబడు శాసనమును, 1833లో, భిక్షువేషమున సంచరించుచుండిన మోంగ్‌కుట్ రాకుమారుడు, పిదప నాలుగవ రాముడై రాజ్యమేలినవాడు, కనుగొనెను. దాని ప్రాచీనతనుగూర్చి కొందఱు పండితులు వాదములు చేసిరి. వారి వాదము వారిది. మనకు కావలసినది వేఱు. ఆ శాసనము ప్రకారము రాజద్వారమున నొక గంట వ్రేలాడుచుండెడిది. కష్టముగల ప్రజ దానిని మ్రోగించిన, రాజే వచ్చి విచారించెడివాడు. నగరమధ్యమునందలి తేటనీటి కొలనును కూడ అది పొగడినది. ఆ పొగడ్త వట్టిమాట కాదు. కొండలనడుమ కట్టకట్టి వాననీటిని నిలిపి, నగరపు కందకములకు, కొలనులకు తరలించిన యానవాళ్లు నేటికిని అక్కడ నిలిచియున్నవి. 1991లో ఆ నగరము ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

ఆ గంటను చదివినప్పుడు మనకు యెఱ్ఱగుడి ఆఱవ శాసనము జ్ఞప్తికి రావలయును. తాను భుజించుచున్నను, అంతఃపురమున నున్నను, ఉద్యానమున నున్నను, ప్రజల పనిని నివేదకులు వెంటనే తనకు తెలుపవలసినదని అశోకుడు ఆజ్ఞాపించెను. సుఖోదయపు గంటకు ఇంచుమించు పదునైదు వందల యేండ్లముందే మన గుత్తిసీమ గుండుమీద అటువంటి గంట చెక్కబడియుండెను. వారు తమ రాజుకడకు బిడ్డలను తీసికొనిపోయి, అక్షరము ఇతడిచ్చినదని చూపుదురు. మన తెలుగు అక్షరమునకు తల్లి బ్రాహ్మీలిపియే. యెఱ్ఱగుడి మన బిడ్డలకును అక్షరాభ్యాసక్షేత్రము కాదగినది. ఎన్ని బడులవారు ఆ బిడ్డలను అక్కడికి తీసికొనిపోయి, ఇది మీ ‘క’కారమునకు ముత్తవ్వ యని చూపుచున్నారు? ఈ విషయమున సయామీయులనుండి నేర్వదగినది కలదు. ఐతే మ్రొక్కుటతోనే పని ముగిసినదని తలంచిన యెడల వారైనను మనమైనను ఒకే తప్పు చేసినవారమగుదుము. గంటకు పూలమాల వేసినంతమాత్రమున మొఱ వినబడదు. గంట మ్రోగవలయును, లోపలివాడు లేవవలయును.

అశోకుని పేర మన దేశము చేయని గౌరవము లేదు. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభ జాతీయపతాకమధ్యమున అతని చక్రమును నిలిపెను. 1950 జనవరి 26వ తేదీనుండి సారనాథపు సింహములు మన ప్రభుత్వముద్ర లైనవి. నాణెముమీద సింహములు, నోటుమీద సింహములు, కచేరీ కాగితముమీద సింహములు. కఱవు సహాయము నిరాకరించు జాబు మీదను సింహములే! ముద్రలో నున్న రాజు మాటలో నుండనక్కఱలేదా? పదవ శాసనమున అతడు తనకు కీర్తిమీద ఆశ లేదనియు, ప్రజలు ధర్మము నాచరించుటయే తాను కోరు కీర్తియనియు తెలిపినాడు. తొమ్మిదవ శాసనమున జబ్బునకు, పెండ్లికి, ప్రయాణమునకు జనులు చేయు తంతులు స్వల్పఫలములనియు, సేవకులయెడ మంచితనము, పెద్దలయెడ గౌరవము, ప్రాణులయెడ సంయమము, ఇవియే మహాఫలమిచ్చు మంగళకార్యములనియు హెచ్చరించెను. మూడవ శాసనమున తక్కువ ఖర్చు, తక్కువ కూడబెట్టుట మేలనెను. ఇట్టివానికి మనము చేయునదేమి? ఉత్సవము! వేదిక, పందిరి, స్వాగతతోరణము, ఉపన్యాసములు, శాలువలు. తంతులు వలదన్న రాజునకు తంతులు. కీర్తి వలదన్నవానికి కీర్తనలు. బావి త్రవ్వుడన్నవానికి విగ్రహములు. ఇంతకంటె పెద్ద యపచారము శత్రువైనను చేయగలడా?

మఱికొందఱు నేర్పరులు ఇట్లు వాదింతురు: రాజులు ఱాళ్లమీద తమ గొప్పలు వ్రాయించుకొనుట సహజము, కళింగమున రక్తము పాఱించినవాని పుణ్యవచనములను నమ్మనేల? ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. కళింగమున లక్షమంది చంపబడిరనియు, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు, అంతకు పలురెట్లు ఇతరవిధముల నశించిరనియు తెలియుటకు మనకున్న యాధారమేమి? అశోకుని పదమూడవ శాసనమే. గొప్పలు చెప్పుకొను రాజు తాను చంపినవారి సంఖ్యను దుఃఖముతో చెక్కించునా? యుద్ధభేరి ధర్మభేరిగా మాఱినదని అతడు చెప్పుకొనినప్పుడు, ఆ భేరి వెనుక నీ లెక్క యున్నది. అతని బావులెన్ని త్రవ్వబడినవో మనము లెక్కింపజాలము. కాని ప్రభుత్వము ప్రజకు చెప్పవలసిన లెక్క యేమో యతడు చూపెను: చేసిన హాని, చేసిన మేలు, రెండును అందఱికి కనబడునట్లు ఱాతిమీద. నేటి ప్రభుత్వములు శంకుస్థాపనశిలలను వేయించుచున్నవి. వానిమీద పేర్లుండును, తేదీలుండును. పని ముగిసినదా, నీరు వచ్చినదా, ఎంత వ్యయమైనది, ఎంత వృథాయైనది, ఈ మాటలు చెక్కిన శిల యొక్కటి చూపుడు!

మూడవ యాక్షేపము నేటికాలపుది. కాలువలు వచ్చినవి కదా, ఇంక బావుల ప్రసంగమేల యందురు. తుంగభద్ర ఎగువకాలువ పెన్న జలాశయమునకు నీరు తెచ్చుచున్నది; శ్రీశైలపు కృష్ణాజలము హంద్రీనీవా కాలువలో మెట్టెక్కి అనంతపురము చేరినది. ఇవి ఊరకే వచ్చినవి కావు. 1928లో నంద్యాలసభలో ఈ సీమకు రాయలసీమ యని పేరు వెలసినది. 1937 నవంబరు 16వ తేదీన శ్రీబాగు ఒడంబడికలో ఈ జిల్లాల నీటికి ప్రాధాన్యము వాగ్దానము చేయబడినది. ఆ వాగ్దానము పూర్తిగా చెల్లినదని చెప్పుటకు ఈ సీమవాడెవ్వడును సాహసింపడు. నదీజలములలో మన పాలు మనకు రావలయును. అందు రవ్వంతయు తగ్గము. ఐనను కాలువనీరు వచ్చి చేరుటకు పాత్ర కావలయును కదా! చెఱువున పూడిక మేటవేసి, సర్కారు తుమ్మ అడవియై, పాఱుకాలువలు ఆక్రమణలపాలై, మఱవ శిథిలమైయుండగా, కాలువ తెచ్చిన నీరు ఎక్కడ నిలుచును? పైనుండి వచ్చు వాననీరే నిలువనిచోట, కృష్ణమ్మ మాత్రమెట్లు నిలుచును? చెఱువును విడిచి రైతు బోరుబావినాశ్రయించెను. ఒకడు మున్నూఱడుగులు త్రవ్వగా ప్రక్కవాడు ఆఱునూఱడుగులు త్రవ్వెను, మొదటివాని బావి యెండెను, ఇద్దఱును అప్పులపాలైరి. వేరుసెనగ మాడిన యేట ఇంటికి తాళమువేసి బెంగుళూరికి కూలికి పోవుచున్న కుటుంబము ఏ ఱాతిని దర్శించి యోదార్పు పొందవలయును?

దోషము ప్రభుత్వముదే యని ముగించుట సులభము. పత్రికకు శ్రమ లేదు, పాఠకునకు నొప్పి లేదు. నిజము చెప్పవలసియున్నది. పరపాలనమున చెఱువు ఊరి చేతినుండి కచేరీ చేతికి పోయినది. దశబంధము కాగితములలో మిగిలినది. స్వరాజ్యము వచ్చినపిమ్మట దానిని మఱల చేతికి తీసికొనుడని మనకెవ్వరు అడ్డుపడిరి? చెఱువుగర్భమున మునుముందు చాలు దున్నినది పరదేశీయుడా? వంకకు అడ్డముగా గోడ లేపినది పాటలీపుత్రపు రాజుకుడా? బాటవెంట తాతలు నాటిన చింతలను మఱ్ఱులను, బాట వెడల్పునకై నఱికినప్పుడు, ఒక్క చెట్టునకు బదులు ఒక్క మొక్కయైన నాటుడని నిలదీసినవారెందఱు? తిమ్మమ్మ మఱ్ఱిమాను ఈ సీమలోనే పుట్టి, యెకరములమేర ఊడలు దింపి, లోకప్రసిద్ధి గాంచినది. 1989లో గిన్నిస్ గ్రంథమున నెక్కినది. ఈ నేల చెట్టును పెంచజాలదని చెప్పువాడు దానికడకు పోయి, దాని నీడను నిలిచి యా మాట చెప్పుగాక!

కావున మేము కోరునది స్వల్పము. ఎఱ్ఱగుడికి పోవలదని మేము చెప్పము, తప్పక పోవలయును. బిడ్డలను వెంటబెట్టుకొని పోవలయును. రెండవ శాసనము తెలుగులో చదివి వారికి వినిపింపవలయును. పిదప నెనిమిదవ శాసనము చెప్పినట్లు చుట్టుపట్ల పల్లెలు దిగి, వృద్ధులను పలుకరించి, నీటి సంగతి విచారింపవలయును. ఇంటికి వచ్చి తమ యూరి చెఱువుకట్టమీద నిలిచి, పూడిక యెంత, ఆక్రమణ యెంత, తూము చెడినదా, మఱవ నిలిచియున్నదా యని కన్నులార చూడవలయును. చూచినదానిని గ్రామసభలో, మునుపు భేరి మ్రోగించినట్లు, బాహాటముగా చదువవలయును. ఏటేట నీటికై వచ్చిన ధనమెంత, వ్యయమెంత, నిలిచిన నీరెంత యని గ్రామచావడి గోడమీద అందఱు చదువునట్లు వ్రాయింపవలయును. వేసవిలో పసులకు తొట్టి, బాటసారికి చలిపందిరి, బాటకు చెట్టు, ఇవి ధనికుల దానములుగా గాక ఊరి ధర్మముగా నడువవలయును. మహాపురుషుని పేర విగ్రహము పెట్టనెంచిన సంఘము, ఆ ధనముతో నొక చెఱువు పూడిక తీయించి ఆ మహాపురుషుని పేరే దానికి పెట్టవలయును. వానిని నిత్యము తలచుకొనుటకు త్రాగెడు నీటికంటె మంచి సాధనమేది?

ఇదియంతయు చేయుటకు చక్రవర్తులు రానక్కఱలేదు. పోరుమామిళ్లలో వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరి. వారి పేర్లు ఱాతిమీద లేవు, వారి చెఱువు మాత్రము ఆఱువందల యేండ్లు దాటి నిలిచినది. ఎఱ్ఱగుడి ఱాతికి మనము చేయగల పూజ యొక్కటే. ఆ ఱాతిమీది మాట అబద్ధము కాకుండ చూచుట. ఆ కొండదిగువ పల్లెలో ఒక యాడుబిడ్డ బిందె ముంచగనే నిండు బావి యున్నంతకాలము అశోకుడు ఈ సీమలో సజీవుడు. ఆ బావి యెండిన దినమున, పతాకముమీద చక్రము తిరుగుచున్నట్లే కనబడవచ్చును గాని, ఈ నేలమీద మాత్రము అది నిలిచిపోయినట్లే. విహారయాత్ర చేయుదురో, ధర్మయాత్ర చేయుదురో, రాయలసీమ సోదరులారా, వేసవి రాకమునుపే నిశ్చయింపుడు.